చెన్నైలోని పాత బ్యాంకులకు బహిరంగ లేఖ: ఆ రిజిస్టర్లను పాతకాగితాల కింద అమ్మకండి

రాజాజీ సాలైలోనూ జార్జిటౌన్ వీధుల్లోనూ ఉన్న పాత బ్యాంకు కార్యాలయాల అధికారులకు, బ్యాంకు ఉద్యోగ సంఘాల బాధ్యులకు, విశ్రాంత ఉద్యోగుల సంఘాల పెద్దలకు,

నమస్కారం.

మీ రికార్డు గదుల్లో 1947కు ముందు నాటి సిబ్బంది రిజిస్టర్లు ఇంకా మిగిలి ఉంటే దయచేసి వాటిని పారేయకండి. ముఖ్యంగా సెలవుల రిజిస్టర్లు, ఉద్యోగంలో చేరేటప్పుడు డాక్టరు రాసిచ్చిన ఆరోగ్య ధ్రువపత్రాలు, యుద్ధానికి వెళ్ళే ఉద్యోగులకు బ్యాంకు ఇచ్చిన అనుమతి ఉత్తరాల నకళ్ళు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కౌంటరు వదిలి సైన్యంలో చేరి, జబ్బుపడి తిరిగివచ్చిన గుమాస్తాల విషయంలో నిజం నిరూపించడానికి మిగిలిన ఆఖరి ఆధారాలు అవే.

నేను కూడా ఈ నగరంలోనే ఒక బ్యాంకులో ఉద్యోగం చేసి విరమించాను. రికార్డు గది ఎలా ఉంటుందో, శాఖ మేనేజరు మీద చోటు కోసం ఎంత ఒత్తిడి ఉంటుందో నాకు తెలుసు. ఆడిట్ వారు అడగని కాగితం, చెదలు పట్టిన కాగితం, అద్దె కట్టే గదిని ఆక్రమించిన కాగితం ముందుగా బయటికి పోతుంది. పైగా మన బ్యాంకుల పేర్లు ఎన్నిసార్లు మారాయి! 1843లో మొదలైన బ్యాంక్ ఆఫ్ మద్రాస్ 1921లో ఇంపీరియల్ బ్యాంకులో కలిసింది. అది 1955లో స్టేట్ బ్యాంక్ అయింది. 1969లో జాతీయకరణ వచ్చింది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అదే రోజున అలహాబాద్ బ్యాంకు ఇండియన్ బ్యాంకులో కలిసింది. బోర్డు మారిన ప్రతిసారీ పాత కాగితాలు ఒక గోదాము నుంచి మరో గోదాముకు వెళతాయి, దారిలో కొన్ని మాయమవుతాయి. ఎవరూ కావాలని చేయరు. అడిగేవాళ్ళు లేక జరుగుతుంది. అందుకే అడుగుతున్నాను.

బ్యాంకు రికార్డుల భద్రత గురించి 1985లో వచ్చిన నిబంధనలు కొన్నిటిని 5 ఏళ్ళు, మరికొన్నిటిని 8 ఏళ్ళు ఉంచాలంటాయి. అవి కనీస గడువులు. గడువు దాటాక నాశనం చేసి తీరాలని ఆ నిబంధనలు చెప్పవు. ఉంచుకోవాలనుకుంటే మీకు అడ్డు లేదు.

ఇక నా కథకు వస్తాను. మా తాతగారి తమ్ముడు, మేము చిన్నతాతగారు అనేవాళ్ళం, నెల్లూరు వైపు నుంచి చదువు కోసం చెన్నపట్నం వచ్చారు. ఇంటర్మీడియట్ పూర్తిచేసి, టైపు నేర్చుకుని, 1938లో బీచి రోడ్డులోని (ఇప్పటి రాజాజీ సాలై) ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరారు. చేతిరాత ముత్యాల్లా ఉండేదని, కొత్వాల్ చావడి వర్తకుల తెలుగు సంతకాలను పోల్చుకోవడానికి ఆయననే పిలిచేవారని మా ఇంట్లో చెప్పుకొనేవారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు మీదా దాడి తప్పదన్న భయంతో ఆ రోజుల్లో పట్నం జనం రైళ్ళెక్కి ఊళ్ళకు పోయారు. చిన్నతాతగారు మాత్రం బ్యాంకులోనే ఉండిపోయారు. బర్మా జపాను చేతికి చిక్కాక అక్కడి బియ్యం రావడం ఆగిపోయి ధరలు మండిపోయాయి. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు చేసిన అప్పు ఆయన మీదే ఉంది. 1943 తొలినాళ్ళలో సైన్యంలో చేరారు. మా తాతగారు ఖద్దరు కట్టే మనిషి. దేశం సగం జైల్లో ఉండగా తెల్లవాడి సైన్యంలో చేరతావా అని తమ్ముడితో చాలాకాలం మాట్లాడలేదట. ఇద్దరి మాటలోనూ నాకు న్యాయం కనిపిస్తుంది. ఎవరినీ తప్పుపట్టలేను.

యుద్ధం మొదలైనప్పుడు సుమారు 2 లక్షలున్న భారత సైన్యం ముగిసేనాటికి దాదాపు 25 లక్షలైంది. వాళ్ళలో ఎవరినీ నిర్బంధంగా చేర్చుకోలేదు. అంత సైన్యానికి తిండి, బట్ట, పెట్రోలు, మందుగుండు లెక్క తప్పకుండా చేరాలంటే తుపాకి పట్టినవాళ్ళు మాత్రమే ఉంటే చాలదు. ఇంగ్లీషు రాయగలిగి, టైపు కొట్టగలిగి, రోజు చివర పద్దు సరిచూడటం అలవాటైన మనుషులు కావాలి. బ్యాంకు గుమాస్తాలో అవన్నీ ముందే ఉన్నాయి. సరఫరాల విభాగమైన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ చిన్నతాతగారిని హవల్దార్ క్లర్కుగా తీసుకుని దిమాపూర్ పంపింది. బర్మా సరిహద్దుకు సామాను అందించే రైలు కేంద్రం అది. అక్కడి సరఫరాల డిపో సుమారు 18 కిలోమీటర్ల పొడవు, కిలోమీటరున్నర వెడల్పున పరుచుకుని ఉండేది. అంత విస్తీర్ణంలో ఏ షెడ్డులో ఎన్ని బస్తాల పిండి ఉందో, ఎన్ని డబ్బాల నెయ్యి ఉందో రాసి ఉంచడమే ఆయన పని.

దాన్ని చిన్న పని అనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. 1944 ఏప్రిల్‌లో జపాను సైన్యం దిమాపూర్‌కు ఎగువన నాగా కొండల్లో ఉన్న కొహిమాను ముట్టడించినప్పుడు గజం గజం కోసం పోరాడిన గుట్టల్లో రెండింటి పేర్లు ఎఫ్ఎస్‌డీ, డీఐఎస్. మొదటిది ఫీల్డ్ సప్లై డిపో. రెండోది సరుకులు పంచి ఇచ్చే విభాగం. గుమాస్తాలు, స్టోర్ కీపర్లు పనిచేసిన చోట్లే యుద్ధభూములయ్యాయి. ముట్టడిలో చిక్కిన సుమారు 2,500 మందిలో పోరాట శిక్షణ లేనివాళ్ళే పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ కొండల మీద చనిపోయిన హిందూ, సిక్కు సైనికుల జ్ఞాపకార్థం కట్టిన దహన స్మారకం మీద 917 పేర్లున్నాయి. చిన్నతాతగారి పేరు అక్కడ ఉండదు. ఆ పోరు మొదలుకాకముందే జబ్బు ఆయనను అక్కడి నుంచి పంపేసింది.

ఆ జబ్బుల గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మా కుటుంబానికి కలిగిన అవమానమంతా అక్కడే ఉంది. మలేరియాకు మందు క్వినైను. ప్రపంచానికి దాన్ని అందించిన జావా దీవి 1942లో జపాను వశమైంది. బదులుగా వచ్చిన మెపాక్రిన్ మాత్రలు చేదు, మింగితే ఒళ్ళు పచ్చబడుతుంది, పైగా అవి మగతనాన్ని పోగొడతాయన్న పుకారు. చాలామంది మింగినట్టు నటించి ఉమ్మేసేవారు. బర్మా రంగంలో పోరాడిన 14వ సైన్యానికి నాయకత్వం వహించిన జనరల్ విలియం స్లిమ్ స్వయంగా చెప్పిన లెక్క ఇది: 1943లో గాయాలతో ఆసుపత్రికి పంపిన ఒక్కొక్క మనిషికి 120 మందిని జబ్బులతో పంపవలసి వచ్చింది. ఒకటికి నూట ఇరవై. మలేరియా, విరేచనాలు, నల్లుల్లాంటి పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్. సైనికుల చేత మాత్రలు మింగించని అధికారులను ముగ్గురిని స్లిమ్ పదవుల నుంచి తప్పించాడు, మిగిలినవారు దారికొచ్చారు. 1945 నాటికి జబ్బుపడేవారి సంఖ్య బాగా పడిపోయింది. అంటే జబ్బు విధి రాత కాదు. మందు, దోమతెర, క్రమశిక్షణ సమయానికి ఉంటే ఆగేది. 1943లో అవి లేవు. ఆ ఏడాది అక్కడ ఉన్నవారిలో చిన్నతాతగారు ఒకరు.

ఆయనకు చలిజ్వరం మళ్ళీ మళ్ళీ వచ్చింది. ప్రతిసారీ కొన్నాళ్ళు ఆసుపత్రి, తర్వాత డిపో. వానాకాలం చివర జ్వరంతోపాటు దగ్గు పట్టుకుంది, అది తగ్గలేదు. ఆసుపత్రి రైల్లో వెనక్కి పంపి ఎక్స్‌రే తీశారు. 1944 మొదట్లో మెడికల్ బోర్డు కూర్చుని క్షయ అని తేల్చింది. సైనిక సేవకు పనికిరాడని కాగితం ఇచ్చింది. ఆ జబ్బుకూ సేవకూ సంబంధం లేదని కూడా రాసింది, కాబట్టి పింఛను లేదు. వరుస జ్వరాలతో చిక్కిన ఒంట్లో, తేమలో, చాలీచాలని తిండితో ఊపిరితిత్తులు దెబ్బతింటే అది సేవకు సంబంధం లేని జబ్బు ఎలా అవుతుంది? ఈ ప్రశ్న ఆ బోర్డును అడిగే ధైర్యం గానీ, అడగవచ్చన్న తెలివిడి గానీ మా వాళ్ళకు లేదు.

మద్రాసు తిరిగివచ్చాక బ్యాంకుకు వెళ్ళారు. యుద్ధం నుంచి వచ్చాక ఉద్యోగం ఇస్తామన్న హామీ ఉత్తరం ఆయన దగ్గర ఉంది. ఆరోగ్యంగా ఉన్నానని డాక్టరు సంతకం తెమ్మన్నారు. క్షయ రోగికి ఆ సంతకం ఎవరు పెడతారు? కౌంటరు ముందు జనం, పక్క బల్లల్లో తోటి గుమాస్తాలు ఉంటారు కాబట్టి బ్యాంకు భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ తర్వాత ఆయన ఎలా బతుకుతారన్నది ఎవరూ పట్టించుకోలేదు. కొన్ని నెలలు గోవిందప్ప నాయకన్ వీధిలో ఒక వర్తకుడి పద్దులు ఇంటికి తెచ్చుకుని రాశారు. తర్వాత మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో ఉన్నారు. అప్పటి వైద్యమంటే మంచం మీద విశ్రాంతి, మంచి గాలి, పాలు, గుడ్లు, కొందరికి గాలి ఎక్కించి ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేయడం. క్షయకు మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో అమెరికాలో కనిపెట్టారు. సరిగ్గా చిన్నతాతగారు దిమాపూర్‌లో ఉన్న ఏడాది. అది మన దేశంలో మామూలు మనిషికి అందేసరికి ఆయన లేరు. 1947 అక్టోబరులో, మద్రాసులోనే పోయారు. తొమ్మిదేళ్ళ తర్వాత 1956లో ఇదే నగరంలో, చేట్‌పట్‌లో, క్షయ చికిత్సా కేంద్రం పెట్టారు. రోగిని శానిటోరియంలో ఉంచనక్కరలేదు, ఇంట్లో ఉండి మందులు వాడినా అంతే బాగా నయమవుతుందని ప్రపంచానికి నిరూపించింది ఆ కేంద్రమే.

గాయపడి వస్తే వీరుడనేవారు. దగ్గుతూ వచ్చినవాణ్ణి చూసి భయపడి పారిపోయి వచ్చాడన్నారు. క్షయ ఉన్న ఇల్లని తెలిస్తే ఆడపిల్లలకు సంబంధాలు రావని మా వాళ్ళు ఆయన మాటే ఎత్తడం మానేశారు. స్వాతంత్ర్యం వచ్చాక పరిస్థితి ఇంకా చిత్రంగా మారింది. జైలుకు వెళ్ళినవారికి, ఆజాద్ హింద్ ఫౌజులో పోరాడినవారికి 1972 నుంచి కేంద్రం గౌరవ పింఛను ఇచ్చింది. అది ఎంతో న్యాయమైన పని. తెల్లవారి సైన్యంలో గుమాస్తాగా చేరి, తుపాకి పేల్చకుండా జబ్బుపడి వచ్చినవారు ఏ పక్షంలోనూ లేకుండా పోయారు. మా తాతగారు మాత్రం తమ్ముడి సైనిక కాగితాలను చివరిదాకా ఇనప్పెట్టెలో దాచారు. అవి ఇప్పుడు నా దగ్గరున్నాయి.

వాటిని పట్టుకుని తిరుగుతుండగా తెలిసిన సంగతి ఒకటుంది. యుద్ధమృతుల సమాధులనూ స్మారకాలనూ చూసుకునే కామన్వెల్త్ సంస్థ రెండో ప్రపంచయుద్ధానికి పెట్టుకున్న కాలపరిమితి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. ఆ లోపల సేవలో ఉండగా చనిపోయినవారే కాకుండా, సైన్యం నుంచి విడుదలయ్యాక చనిపోయినవారు కూడా, ఆ మరణానికి యుద్ధసేవే కారణమైతే, యుద్ధమృతులుగా లెక్కకు వస్తారు. చిన్నతాతగారు ఆ గడువులోపే పోయారు. నందంబాక్కంలో ఆ సంస్థ చూసుకునే మద్రాసు యుద్ధ శ్మశానవాటిక ఉంది. అక్కడ రెండో యుద్ధంలో పోయిన 850 మందికి పైగా ఉన్నారు. మొదటి ప్రపంచయుద్ధ సైనికుల స్మృతిని నిలపడంలో భారతీయులకూ ఆఫ్రికన్లకూ సమానత్వం దక్కలేదని 2021లో ఆ సంస్థ నియమించిన కమిటీయే ఒప్పుకుంది. తప్పిపోయిన పేర్లను ఇప్పటికీ చేరుస్తున్నారు. రుజువు చూపాలి.

రుజువంటే ఏమిటి? జబ్బు ఏదో చెప్పే సైనిక కాగితం నా దగ్గరుంది. దేనివల్ల పోయారో చెప్పే కాగితం ఉంది. లేనిదల్లా ఒకటే: సైన్యంలో చేరేముందు ఆయన ఆరోగ్యంగా ఉన్నారని చెప్పే కాగితం. అది ఆయన పనిచేసిన బ్యాంకులో ఉండాలి. 1938లో చేరేటప్పుడు డాక్టరు పరీక్షించి ఉంటాడు. ఆ తర్వాత అయిదేళ్ళలో జబ్బు సెలవు పెట్టారో లేదో సెలవుల రిజిస్టరు చెబుతుంది. ఒక గుమాస్తా ఎడమచేతి వైపు గడిలో వేసిన సున్నా ఎనభై ఏళ్ళ తర్వాత సాక్ష్యం చెప్పగలదు. మేము అడిగాం. అంత పాత రికార్డులు లేవని మర్యాదగానే జవాబిచ్చారు. నిజంగా లేవేమో. ఎవరూ తాళం తీసి చూడలేదేమో కూడా. ఆ బ్యాంకు పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే నా ఫిర్యాదు ఒక బ్యాంకు మీద కాదు. ఇలాంటి కుటుంబాలు మద్రాసు పాత బ్యాంకులన్నిటికీ ఉండి ఉంటాయి.

ఇదంతా గతించిన ముచ్చట అనుకోకండి. సేవలో చేరేటప్పుడు లేని జబ్బు తర్వాత వస్తే అది సేవ వల్ల వచ్చిందనే భావించాలని, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేటి సైనికుడికి దక్కిన ఈ న్యాయాన్ని 1944 నాటి హవల్దార్ క్లర్కుకు కూడా వర్తింపజేసి చూడమనే నా మాట. డబ్బు అడగడం లేదు. ఆయన భార్యాపిల్లలు లేని మనిషి, పింఛను పుచ్చుకునేవారు ఎవరూ లేరు. ఇంకో సంగతి మీకే బాగా తెలుసు. ఇవాళ ప్రభుత్వరంగ బ్యాంకుల గుమాస్తా ఉద్యోగాల్లో 14.5 శాతం మాజీ సైనికులకు కేటాయించి ఉన్నాయి. సియాచిన్‌లోనో రాజస్థాన్ ఇసుకలోనో పనిచేసి వచ్చినవారు మీ కౌంటర్ల వెనక కూర్చుని నోట్లు లెక్కపెడుతున్నారు. వాళ్ళ పక్కన పనిచేసినదాన్ని నేను. బ్యాంకు నుంచి సైన్యానికి వెళ్ళినవారి చరిత్ర తెలుసుకునే హక్కు వారికి అందరికంటే ముందు ఉంది.

లండన్ బ్యాంకులు కొన్ని మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన తమ గుమాస్తాల జీవితకథలను ఒక్కొక్కటిగా వెలికితీశాయి. ఎక్కడ పుట్టాడు, ఏ శాఖలో చేరాడు, ఎప్పుడు సెలవు పెట్టి సైన్యానికి వెళ్ళాడు అన్న వివరాలు సిబ్బంది పుస్తకాల నుంచే వచ్చాయి. మన దగ్గర కూడా ఈ పని తెలిసినవారు ఉన్నారు. స్టేట్ బ్యాంకుకు కోల్‌కతాలో సొంత పురాపత్రాల భాండాగారం, మ్యూజియం ఉన్నాయి. రిజర్వు బ్యాంకుకు పూనేలో పురాపత్రాల భాండాగారం ఉంది. ఎగ్మూరులో 1909 నుంచి నిలిచిన రాష్ట్ర పురాపత్రాల భవనం ఉంది. మీకు చోటు లేకపోతే వారిని పిలిచి అడగండి. పాతకాగితాల వ్యాపారిని పిలిచేముందు వారిని పిలవండి, అంతే.

అధికారులను కోరేది ఇంకొకటి. యుద్ధంలోకి వెళ్ళిన ఉద్యోగుల జాబితా ఎప్పుడైనా తయారుచేస్తే చనిపోయినవారి పేర్లతో ఆపకండి. జబ్బుతో తిరిగివచ్చినవారి పేర్లు కూడా అదే వరుసలో, అదే అక్షరాలతో రాయండి. వేరే పలక, కింది వరుస, చిన్న అక్షరాలు వద్దు. ఒకటికి నూట ఇరవై అన్న లెక్కను గుర్తుపెట్టుకుంటే ఆ జాబితాలో ఎవరి పేర్లు ఎక్కువగా ఉండాలో మీకే తెలుస్తుంది.

ఉద్యోగ సంఘాల మిత్రులకు: అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం పుట్టింది 1946 ఏప్రిల్‌లో, యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది. యుద్ధంలో ధరల దెబ్బ తిన్న గుమాస్తాలే దాన్ని కట్టారు. ఆ తరంలో కొందరు సైన్యం నుంచి తిరిగివచ్చి ఉద్యోగం దొరక్క మీ తొలి సమావేశాల గుమ్మం దగ్గర నిలబడి ఉండవచ్చు. మీ పాత కరపత్రాలు, వినతిపత్రాలు, సంఘం మినిట్స్ పుస్తకాలు వెతకండి. విశ్రాంత ఉద్యోగుల సంఘాల పెద్దలు తమ సమావేశాల్లో ఈ ప్రశ్న అడగాలి: మీ తండ్రి గానీ, పెదనాన్న గానీ, మేనమామ గానీ బ్యాంకు నుంచి యుద్ధానికి వెళ్ళారా? వాళ్ళ విడుదల కాగితం ఇంట్లో ఉందా? పెరంబూరు, చూలై, షావుకారుపేట ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల అడుగున ఈ కాగితాలు ఇంకా ఉన్నాయి. వాటి పక్కన పెట్టి చూడవలసిన రెండో కాగితం మీ దగ్గర ఉంది.

ఏ బ్యాంకైనా ముందుకొచ్చి ఒక గది తాళం తీస్తే, పాత ఇంగ్లీషు గొలుసుకట్టు రాతనూ తెలుగు, తమిళ సంతకాలనూ చదవగల విశ్రాంత ఉద్యోగులం మేము కొందరం ఉన్నాం. జీతం అక్కరలేదు. దుమ్ముకు ముసుగులు, చేతొడుగులు మేమే తెచ్చుకుంటాం. ఖాతాదారుల లెక్కల జోలికి వెళ్ళం, సిబ్బంది రిజిస్టర్లు మాత్రమే చూస్తాం. ఒక అధికారి పక్కనే కూర్చుని చూసినా మాకు అభ్యంతరం లేదు. 1939 నుంచి 1947 వరకు ఉన్న పుస్తకాలను ముందుగా చూపిస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని,
చెన్నై